మిషన్‌ని ఏమని అడగాలి? స్క్రిప్ట్‌లో ఓఎస్, యూజర్ ఎన్విరాన్‌మెంట్ కనుక్కోవడం గురించి ఒక ప్రసంగం

వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే. అక్షరాలు కనపడకపోతే మొహమాటపడకండి, చెప్పండి, ఫాంట్ పెంచుతా, ఎందుకంటే ఇవాళ స్లైడ్స్ దాదాపు లేవు, అంతా టెర్మినలే.

ముందు ఓఎస్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్, పేరు అడగడానికి అందరికీ తెలిసిన కమాండే కొడదాం. యూనేమ్ హైఫన్ ఎస్. ఎంటర్. ఇదిగో, లైనక్స్ అని వచ్చింది. ఇదే కమాండ్ మ్యాక్‌లో కొడితే మ్యాక్ అని రాదు, డార్విన్ అని వస్తుంది. సన్ కంపెనీ ఓఎస్ సోలారిస్ మీద కొడితే సన్‌ఓఎస్ అంటుంది, కంపెనీ ఆ పేరు మార్చి దశాబ్దాలు దాటిపోయినా యూనేమ్‌కి మాత్రం పాత పేరే అలవాటు. ఇక విండోస్‌లో గిట్ బాష్, అంటే ఇలాంటి కమాండ్లు కొట్టుకునే టెర్మినల్, తెరిచి కొట్టారనుకోండి, మింగ్‌డబ్ల్యూ64 అండర్‌స్కోర్ ఎన్‌టీ హైఫన్ 10.0 హైఫన్ ఒక బిల్డ్ నంబరు, ఇంత పొడుగు వస్తుంది, అందులో విండోస్ అన్న మాటే ఉండదు. కాబట్టి కేస్ స్టేట్‌మెంట్, అంటే పేరుని బట్టి ఏం చేయాలో చెప్పే కోడ్, రాసేటప్పుడు అక్కడ పూర్తి పేరు పెట్టకూడదు, మింగ్‌డబ్ల్యూ స్టార్, ఎంసిస్ స్టార్, సిగ్విన్ స్టార్ అని ముందుభాగం మాత్రమే పోల్చాలి, లేదంటే విండోస్ అప్‌డేట్ అయిన రోజే మీ స్క్రిప్ట్ నాకు తెలియని ఓఎస్ అని మొరాయిస్తుంది.

నెట్‌లో వెతికితే ఇంతవరకే చెప్తారు. యూనేమ్ తీసుకో, నాలుగు కేసులు రాయి, అయిపోయింది అని. నేను చెప్పాలనుకున్నది ఏంటంటే ఓఎస్ అనేది ఒక్క ముక్క కాదు. హార్డ్‌వేర్‌ని నడిపే కెర్నల్ ఒకటి, దాని మీద ప్యాకేజీలన్నీ కూర్చి ఇచ్చే డిస్ట్రో ఒకటి, లోపల ప్రోగ్రాములు ఆధారపడే సీ లైబ్రరీ ఒకటి, మీ స్క్రిప్ట్‌ని చదివే షెల్ ఒకటి, ఆ షెల్‌ని ఎవరు లేపారు అన్నది ఇంకొకటి, మీరా, టైముకి పనులు నడిపే క్రాన్ ఆ, కోడ్‌ని తనంతట తానే బిల్డ్ చేసి పరీక్షించే సీఐ సర్వరా. వీటిలో ఒక్కోదాన్ని ఒక్కో రకంగా అడగాలి, యూనేమ్ వీటన్నిట్లో ఒక్కదానికే జవాబు చెప్తుంది, అదీ కెర్నల్‌కి. మిగతావి కూడా దాన్నే అడిగితే అబద్ధం చెప్పదు గానీ మనకి అక్కర్లేని నిజం చెప్తుంది, దాంతో తల ప్రాణం తోకకొస్తుంది.

అదెలాగో చూడండి. నా దగ్గర ఉబుంటూ ఉంది కదా, దీని మీద డాకర్‌లో ఆల్పైన్ కంటెయినర్, అంటే ఆల్పైన్ అనే చిన్న డిస్ట్రో ఉన్న విడి గది లాంటిది, లేపుతున్నా. లోపలికెళ్లి యూనేమ్ హైఫన్ ఆర్ కొడుతున్నా. చూశారా, వెర్షన్ చివర జెనరిక్ అని ఉంది, అది బయట ఉన్న నా ఉబుంటూ కెర్నల్, ఎందుకంటే కంటెయినర్‌కి సొంత కెర్నల్ ఉండదు. ఇప్పుడు స్లాష్ ఈటీసీ స్లాష్ ఓఎస్ హైఫన్ రిలీజ్ ఫైల్‌ని క్యాట్ చేస్తున్నా, ఆల్పైన్ లైనక్స్ అంటోంది. కూకట్‌పల్లిలో ఎవర్నైనా మీదే ఊరండీ అంటే, ఉండేది ఇక్కడే గానీ సొంతూరు నరసరావుపేట అంటారు చూడండి, అచ్చం అంతే, రెండూ నిజమే, మీకు కరెంట్ బిల్లు కావాలా పొలం కాగితాలు కావాలా అన్నదాన్ని బట్టి ఏది అడగాలో మీరే తేల్చుకోవాలి. కెర్నల్ మాడ్యూల్ ఎక్కించాలంటే యూనేమ్. ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేయాలంటే ఓఎస్ రిలీజ్.

ఈ ఓఎస్ రిలీజ్ ఫైల్ గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఇది రాకముందు ఎంత గోలగా ఉండేదో ఇప్పుడు చేరిన పిల్లలకి తెలీదు. రెడ్‌హ్యాట్‌లో రెడ్‌హ్యాట్ రిలీజ్ అని ఒక ఫైలు, సూసేలో సూసే రిలీజ్ అని ఇంకోటి, డెబియన్‌లో డెబియన్ వెర్షన్ అని మరోటి, ఒక్కోదాని లోపల రాత ఒక్కో తీరు, ఎల్ఎస్‌బీ రిలీజ్ అని ఒక కమాండ్ ఉండేది గానీ చిన్న ఇన్‌స్టాలేషన్లలో అది ఉండేదే కాదు. ఇంకా తమాషా ఏంటంటే ఉబుంటూలో కూడా డెబియన్ వెర్షన్ ఫైలు ఉంటుంది, ఉబుంటూ 22.04లో దాన్ని తెరిస్తే బుక్‌వార్మ్ స్లాష్ సిడ్ అని ఉంటుంది, అది చదివి ఓహో ఇది డెబియన్ అనుకున్న స్క్రిప్టులు ఎన్నో. తర్వాత, లైనక్స్‌లో సర్వీసులన్నిట్నీ లేపే సిస్టమ్‌డీ చేసినవాళ్లు ఈ ఓఎస్ రిలీజ్‌ని తీసుకొచ్చారు. సిస్టమ్‌డీ మీద ఎన్ని గొడవలున్నా, దాన్ని పక్కన పెట్టిన డిస్ట్రోలు కూడా ఈ ఒక్క ఫైలుని మాత్రం ఒప్పుకున్నాయి, ఆల్పైన్‌లో సిస్టమ్‌డీ లేదు కానీ ఇది ఉంది, ఇందాకే చూశాం.

అందులో మీరు చూడాల్సినవి రెండే. ఐడీ ఒకటి, ఐడీ అండర్‌స్కోర్ లైక్ ఒకటి. ప్రెటీ నేమ్ అనేది స్క్రీన్ మీద చూపించుకోడానికి, దాన్ని గ్రెప్ చేసి, అంటే అందులో మాట వెతికి, నిర్ణయాలు తీసుకోకండి. ఉబుంటూలో ఐడీ ఉబుంటూ, లైక్ డెబియన్. రాకీ లైనక్స్‌లో ఐడీ రాకీ, లైక్‌లో ఆర్‌హెచ్ఈఎల్, సెంట్‌ఓఎస్, ఫెడోరా మూడూ వరసగా ఉంటాయి. ఈ లైక్ ఎందుకంటే, డెబియన్ మీద కట్టిన డిస్ట్రోలు ఎన్నో లెక్కే లేదు, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడ్యాక్ వాళ్ల బాస్ లైనక్స్ డెబియన్ నుంచి వచ్చిందే, మన తెలుగులో చేసిన స్వేచ్ఛ ఓఎస్ కూడా ఆ కుదురులోదే, వీటన్నిటి పేర్లూ కేస్ స్టేట్‌మెంట్‌లో రాసుకుంటూ కూర్చుంటే జీవితం సరిపోదు. ముందు ఐడీ చూడండి, తెలీని పేరైతే లైక్‌లో ఒక్కో మాటా ఎడమ నుంచి చూస్తూ పోండి, దగ్గరి చుట్టం ముందు ఉంటుంది.

వెర్షన్ ఐడీ కూడా ఉంటుంది గానీ అది ఉంటుందన్న గ్యారంటీ లేదు. ఆర్చ్‌లో ఉండదు, రోలింగ్ కదా, అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి, వెర్షన్ అంటూ ఏముంది. డెబియన్ టెస్టింగ్‌లో ఉండదు. ఖాళీగా ఉన్నదాన్ని తీసుకెళ్లి నంబరుతో పోలిస్తే షెల్ అక్కడే ఎర్రర్ కొడుతుంది.

ఒక ఉచ్చు ఉంది ఇక్కడ, జాగ్రత్తగా చూడండి. ఈ ఫైలు షెల్ సింటాక్స్‌లోనే ఉంటుంది కాబట్టి డాట్ పెట్టి సోర్స్ చేసెయ్యొచ్చు, అంటే మన స్క్రిప్ట్‌లోకే చదివేసుకోవచ్చు, అందరూ అదే చేస్తారు. ఇప్పుడు నా స్క్రిప్ట్ పైన వెర్షన్ ఈక్వల్స్ 2.4.1 అని నా ప్రోగ్రామ్ వెర్షన్ రాసుకున్నా. కింద ఓఎస్ రిలీజ్‌ని సోర్స్ చేశా. ఇంకా కిందకెళ్లి ఎకో వెర్షన్ అంటున్నా. ఏమొచ్చింది? 22.04 ఎల్‌టీఎస్, పక్కన జామీ జెల్లీఫిష్. నా 2.4.1 గల్లంతు. ఎందుకంటే ఆ ఫైల్లో కూడా వెర్షన్ అనే వేరియబుల్ ఉంది, నేమ్ అనేది కూడా ఉంది, అవి వచ్చి మీవాటి మీద కూర్చుంటాయి. ఇన్‌స్టాలర్ స్క్రిప్ట్ డౌన్‌లోడ్ యూఆర్ఎల్‌లో ఈ వెర్షన్ వాడిందంటే జామీ జెల్లీఫిష్ అనే వెర్షన్ దొరకట్లేదు అని 404 వస్తుంది, అసలు కారణం వెతకడానికి మాత్రం పూట పడుతుంది. దీనికి మందు చిన్నదే, డాలర్ బ్రాకెట్ పెట్టి సబ్‌షెల్‌లో, అంటే విడిగా లేచే ఇంకో షెల్‌లో, సోర్స్ చేసి, ఎకో డాలర్ ఐడీ అని ఒక్క ముక్క బయటికి తెచ్చుకోండి. లోపల జరిగింది లోపలే పోతుంది.

ఆ, అడుగు తమ్ముడూ.

(సభ నుంచి: అక్కా, ఇవన్నీ ఎందుకు, పైథాన్‌లో ప్లాట్‌ఫామ్ డాట్ సిస్టమ్ అని ఒక్క లైన్ ఉంది కదా?)

ఉంది. లైనక్స్‌లో లైనక్స్ అని, మ్యాక్‌లో డార్విన్ అని, విండోస్‌లో విండోస్ అని చెప్తుంది. అంటే ఇది కూడా యూనేమ్‌కి తొడిగిన చొక్కానే, పైన చెప్పిన తంటాలన్నీ దీనికీ ఉన్నాయి. పైథాన్ మిషన్ మీద ఉంటే హాయిగా వాడుకో, కానీ పైథాన్ ఉందో లేదో చూసే స్క్రిప్ట్‌ని పైథాన్‌లో రాయలేవు కదా. (నవ్వులు) ఇంకోటి, సిస్ డాట్ ప్లాట్‌ఫామ్ అని ఒకటుంది, అది 64 బిట్ విండోస్‌లో కూడా విన్32 అనే చెప్తుంది, దాన్ని చూసి 32 బిట్ అనుకోకు. ఇక వెర్షన్ల సంగతి అంటావా, విండోస్ 11 లోపల వెర్షన్ నంబరు ఇప్పటికీ 10.0. నిజంగా. 2021లో వచ్చినప్పటి నుంచీ అంతే. బిల్డ్ నంబరు 22000 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే అది 11, తక్కువైతే 10. ఆపిల్ వాళ్లు కూడా తక్కువేం కాదు, 2020లో బిగ్ సర్ 11గా వచ్చినప్పుడు, పాత ఎస్‌డీకేతో, అంటే పాత డెవలపర్ కిట్‌తో, బిల్డ్ చేసిన ప్రోగ్రాములు అడిగితే 10.16 అని చెప్పేది, పాతవి పాడవకూడదని. 10.16 అనే మ్యాక్ ఓఎస్ ఎప్పుడూ రిలీజ్ కాలేదు.

విండోస్ మాట వచ్చింది కాబట్టి దాని షెల్ అయిన పవర్‌షెల్ కూడా ఇక్కడే చెప్పేస్తా. డాలర్ ఈజ్‌విండోస్, డాలర్ ఈజ్‌లైనక్స్, డాలర్ ఈజ్‌మ్యాక్‌ఓఎస్ అని మూడు వేరియబుల్స్ ఉంటాయి, బావుంటాయి, కానీ అవి పవర్‌షెల్ 6 నుంచే. విండోస్‌తో పాటు వచ్చే పవర్‌షెల్ 5.1లో అవి లేవు, లేని వేరియబుల్ అంటే ఖాళీ, ఖాళీ అంటే ఫాల్స్. అంటే అసలు సిసలు విండోస్ మీద కూర్చుని ఇది విండోసేనా అంటే కాదు అంటుంది. అందుకని ఎన్విరాన్‌మెంట్‌లో, అంటే ప్రోగ్రాములకి ముందే అందే విలువల్లో, ఓఎస్ అనే వేరియబుల్ విండోస్ అండర్‌స్కోర్ ఎన్‌టీ అని ఉందేమో చూడటం మేలు, అది ఎన్‌టీ కాలం నుంచీ ఉంది, పాతదైనా నమ్మకస్తురాలు.

డబ్ల్యూఎస్ఎల్ వాళ్లు చేతులెత్తండి. అబ్బో. సగం మంది. విండోస్ లోపల లైనక్స్ అన్నమాట, యూనేమ్ హైఫన్ ఎస్ లైనక్స్ అంటుంది, ఓఎస్ రిలీజ్ ఉబుంటూ అంటుంది, రెండూ కరెక్టే, కానీ బ్రౌజర్ తెరవాలన్నా, క్లిప్‌బోర్డ్‌లోకి కాపీ చేయాలన్నా విండోస్ వైపే వెళ్లాలి. పట్టుకోవడం ఎలా? యూనేమ్ హైఫన్ ఆర్‌లో మైక్రోసాఫ్ట్ అనే మాట ఉంటుంది. అయితే మొదటి వెర్షన్‌లో ఎమ్ పెద్దక్షరం, రెండో వెర్షన్‌లో చిన్నక్షరం, కాబట్టి గ్రెప్‌కి హైఫన్ ఐ పెట్టండి. డబ్ల్యూఎస్ఎల్ డిస్ట్రో నేమ్ అని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ కూడా ఉంటుంది గానీ సుడో పెట్టగానే, అంటే అడ్మిన్ అధికారంతో నడపగానే, సుడో ఎన్విరాన్‌మెంట్‌ని కడిగేస్తుంది, అది మాయం. ఇంకో సంగతి, డబ్ల్యూఎస్ఎల్ పైన డాకర్ నడిపితే కంటెయినర్ లోపల కూడా యూనేమ్‌లో మైక్రోసాఫ్ట్ కనపడుతుంది, కెర్నల్ ఒకటే కదా. అక్కడ విండోస్ బ్రౌజర్‌ని పిలిస్తే ఎవరూ పలకరు.

ఫోన్లో టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్ వాడేవాళ్లు ఉన్నారా? ల్యాప్‌టాప్ కొనుక్కునేలోపు ఫోన్లోనే షెల్ నేర్చుకుంటున్న పిల్లల్ని నేను చూశాను, నాకు వాళ్లంటే చాలా ఇష్టం. అక్కడ కూడా యూనేమ్ హైఫన్ ఎస్ లైనక్సే, హైఫన్ ఓ పెడితేనే ఆండ్రాయిడ్ అని బయటపడుతుంది. అక్కడ తాత్కాలిక ఫైళ్లకి స్లాష్ టీఎంపీ డైరెక్టరీని నమ్ముకోకండి, టీఎంపీడీఐఆర్ వేరియబుల్ వాడండి, ఎక్కడైనా అదే మంచి అలవాటు.

ఇప్పుడు ప్రాసెసర్. యూనేమ్ హైఫన్ ఎమ్. ఇంటెల్, ఏఎండీ మిషన్లలో ఎక్స్86 అండర్‌స్కోర్ 64. ఆర్మ్ అయితే లైనక్స్ ఏఆర్చ్64 అంటుంది, మ్యాక్ ఆర్మ్64 అంటుంది, ఒకే దానికి రెండు పేర్లు, సరే అలవాటైపోతుంది. అసలు చిక్కు ఎక్కడంటే, ఆపిల్ సొంత ఆర్మ్ చిప్ ఎమ్1 నుంచి వచ్చిన మ్యాకుల్లో టెర్మినల్ రోజెటా కింద, అంటే ఇంటెల్ ప్రోగ్రాముల్ని ఆర్మ్ మీద నడిపించే అనువాదకం కింద, నడుస్తుంటే యూనేమ్ ఎక్స్86 అని చెప్తుంది. మీ ఇన్‌స్టాలర్ నమ్మి ఇంటెల్ బైనరీ, అంటే ఇంటెల్‌కి బిల్డ్ చేసిన ప్రోగ్రాం ఫైలు, దింపుతుంది, అది నడుస్తుంది కూడా, ఎర్రర్ ఏం రాదు, ఊరికే నెమ్మదిగా ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. సిస్‌సీటీఎల్‌లో ప్రాక్ ట్రాన్స్‌లేటెడ్ అని ఒక విలువ ఉంది, అది 1 వస్తే రోజెటా కింద ఉన్నట్టు. రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డులో దీనికి తిరగేసిన కథ, 2023 నుంచి 32 బిట్ ఓఎస్ వేసుకున్నా కొత్త బోర్డుల్లో 64 బిట్ కెర్నల్ బూట్ అవుతోంది, యూనేమ్ ఏఆర్చ్64 అంటుంది, మీరు 64 బిట్ బైనరీ పెడితే నడవదు. గెట్‌కాన్ఫ్ లాంగ్ అండర్‌స్కోర్ బిట్ అని అడగండి, 32 అంటుంది, అదీ యూజర్‌ల్యాండ్, అంటే కెర్నల్ బయటున్న ప్రోగ్రాముల ప్రపంచం, చెప్పే నిజం. డెబియన్ రకాల్లో అయితే డీపీకేజీ హైఫన్ హైఫన్ ప్రింట్ ఆర్కిటెక్చర్ ఇంకా సూటిగా చెప్తుంది.

నడవకపోవడం అంటే గుర్తొచ్చింది, ఇది చూసి తీరాలి. ఆల్పైన్ కంటెయినర్‌లోకి మళ్లీ వెళ్తున్నా. ఉబుంటూలో బిల్డ్ చేసిన ఒక బైనరీ ఇక్కడ పెట్టా. ఎల్ఎస్ కొడితే ఫైల్ ఉంది. ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఉంది. ఇప్పుడు నడుపుతున్నా. నాట్ ఫౌండ్. ఎదురుగా కనపడుతున్న ఫైలుని పట్టుకుని లేదంటుందేంటి? లేనిది ఆ ఫైలు కాదు. సీ లైబ్రరీగా ఉబుంటూ వాడేది జీలిబ్‌సీ, ఆల్పైన్ వాడేది మజిల్, ఈ బైనరీ నన్ను లేపడానికి ఫలానా లోడర్ కావాలి అని లోపల ఒక దారి రాసుకుని ఉంటుంది, ఆ లోడర్ ఇక్కడ లేదు. కెర్నల్ ఆ లోడర్ లేదని చెప్తోంది, మనకి మన ఫైలే లేదన్నట్టు వినిపిస్తోంది. ఉద్యోగాల్లో దీని మీద రాత్రుళ్లు పోయినవాళ్లు ఈ రూమ్‌లోనే కొంతమంది ఉంటారు, మొహాలు చూస్తే తెలుస్తోంది. (నవ్వులు) స్క్రిప్ట్‌లో దీన్ని ముందే తెలుసుకోవాలంటే గెట్‌కాన్ఫ్ జీఎన్‌యూ అండర్‌స్కోర్ లిబ్‌సీ అండర్‌స్కోర్ వెర్షన్ అని అడగండి, జీలిబ్‌సీ అయితే వెర్షన్‌తో సహా జవాబొస్తుంది, లేకపోతే ఎర్రర్.

ఇంతవరకూ ఎవరు నువ్వు అని అడిగే పద్ధతి. నా పంథా వేరే, సాధ్యమైనంతవరకూ ఆ ప్రశ్న అడగకండి, నీ దగ్గర ఇది ఉందా అని అడగండి. ఇది నా గొప్పేం కాదు, బిల్డ్‌కి ముందు మిషన్‌ని పరీక్షించే ఆటోకాన్ఫ్ 1991లో మొదలైంది ఈ ఆలోచనతోనే, మీరు డాట్ స్లాష్ కాన్ఫిగర్ కొట్టినప్పుడు చెకింగ్ ఫర్, చెకింగ్ ఫర్ అని పేజీలకి పేజీలు వస్తాయే, అదంతా ఇదే అడగడం.

ఫైల్లో మాటలు మార్చే సెడ్ కమాండ్ ఉదాహరణ తీసుకుందాం. లైనక్స్‌లో సెడ్ హైఫన్ ఐ పెట్టి ఫైల్‌లోనే మార్చేస్తాం. అక్కడ మామూలుగా ఉండేది జీఎన్‌యూ సెడ్, మ్యాక్‌లో ఉండేది బీఎస్‌డీ సెడ్, ఒకే కమాండ్‌కి రెండు వేర్వేరు తయారీలు, మ్యాక్‌లో హైఫన్ ఐ తర్వాత బ్యాకప్ ఫైలుకి తోక పేరు ఇవ్వాలి, అక్కర్లేకపోతే ఖాళీ కోట్స్ ఇవ్వాలి. దీంతో అందరూ డార్విన్ అయితే ఖాళీ కోట్స్, లైనక్స్ అయితే వద్దు అని రాస్తారు. పని చేస్తుంది. తర్వాత టీమ్‌లో ఒకరు మ్యాక్‌లో హోమ్‌బ్రూ అనే ప్యాకేజీ టూల్‌తో జీఎన్‌యూ సెడ్ వేసుకుని పాత్‌లో, అంటే షెల్ కమాండ్లు వెతికే డైరెక్టరీల జాబితాలో, ముందు పెట్టుకుంటారు. ఓఎస్ డార్వినే, సెడ్ మాత్రం జీఎన్‌యూ. అది ఖాళీ కోట్స్‌ని స్క్రిప్ట్ అనుకుని, మీరు రాసిన ఎస్ స్లాష్ ఏ స్లాష్ బీ స్లాష్‌ని ఫైల్ పేరు అనుకుని, అలాంటి ఫైల్ లేదు అంటుంది. ఓఎస్‌ని కరెక్ట్‌గానే కనుక్కున్నారు, అయినా స్క్రిప్ట్ పడిపోయింది, ఎందుకంటే అడగాల్సింది ఓఎస్‌ని కాదు, సెడ్‌ని. అసలు ఆ గొడవే లేకుండా హైఫన్ ఐకి అతికించి డాట్ బ్యాక్ అని రాస్తే రెండింట్లోనూ నడుస్తుంది, తర్వాత ఆ బ్యాక్ ఫైలు తీసెయ్యండి. డేట్ కమాండ్‌కి అలాంటి మధ్యేమార్గం లేదు, నిన్నటి తేదీ కావాలంటే జీఎన్‌యూలో హైఫన్ డీ, బీఎస్‌డీలో హైఫన్ వీ, అక్కడ డేట్‌నే హైఫన్ హైఫన్ వెర్షన్ అని అడిగి, ఎర్రర్ లేకుండా జవాబొస్తే జీఎన్‌యూ అనుకోవచ్చు.

అనుకోవచ్చు అన్నా, చూడండి. ఆల్పైన్‌లో ఉండేది బిజీబాక్స్, అంటే చాలా కమాండ్లు ఒకే ఫైల్లో ఉన్న ప్రోగ్రాం, దాని సెడ్‌ని వెర్షన్ అడుగుతున్నా. ఏమంటోంది? ఇది జీఎన్‌యూ సెడ్ వెర్షన్ 4.0 కాదు, అంటోంది. (నవ్వులు) ఊరికే చేసిన జోక్ కాదు అది. అవుట్‌పుట్‌లో జీఎన్‌యూ సెడ్ అనే మాట కోసం వెతికే కాన్ఫిగర్ స్క్రిప్టులు ఉన్నాయి కాబట్టి, వాటిని దాటడానికి ఆ మాట ఉండేలా, అబద్ధం కాకుండా, పక్కన కాదు అని చేర్చారు.

ప్రోగ్రాం ఉందో లేదో చూడటానికి విచ్ వాడకండి, కమాండ్ హైఫన్ వీ వాడండి, అది యూనిక్స్ రకాల ఉమ్మడి ప్రమాణం పోసిక్స్‌లో ఉంది, విచ్ అనేది వేరే ప్రోగ్రాం, చిన్న ఇమేజ్‌లలో అదే ఉండదు. అయితే పేరు దొరికింది కదా అని పని అయిపోయినట్టు కాదు, విండోస్ 10లో పైథాన్ అని కొడితే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరిచే డమ్మీ ఫైలు ఒకటుంటుంది, డెవలపర్ టూల్స్ లేని మ్యాక్‌లో పైథాన్3 అంటే ఇన్‌స్టాల్ చేయమంటారా అని డబ్బా వస్తుంది. కాబట్టి పేరు దొరికాక ఒక చిన్న పని చెప్పి చేయించి చూడండి, పైథాన్3 హైఫన్ సీ, ఖాళీ కోట్స్, ఎగ్జిట్ కోడ్ సున్నాతో, అంటే తప్పేం లేకుండా, తిరిగొస్తే ఉన్నట్టు.

షెల్ సంగతి తొందరగా ముగిస్తా. డాలర్ షెల్ అనే వేరియబుల్ మీరు లాగిన్‌కి పెట్టుకున్న షెల్ పేరు చెప్తుంది, ఇప్పుడు స్క్రిప్ట్‌ని నడిపేది ఏదో చెప్పదు. దానికి బాష్ వెర్షన్, జెడ్‌ఎస్‌హెచ్ వెర్షన్ వేరియబుల్స్‌లో ఏది నిండి ఉందో చూడాలి. ఉబుంటూలో స్లాష్ బిన్ స్లాష్ ఎస్‌హెచ్ అంటే బాష్ కాదు, 2006 నుంచీ డ్యాష్ అనే చిన్న షెల్, జంట చదరపు బ్రాకెట్లు దానికి తెలీవు. మ్యాక్‌లో బాష్ ఉంది గానీ 3.2, లైసెన్స్ జీపీఎల్ 3కి మారినందుకు ఆపిల్ అక్కడే ఆగిపోయింది, అసోసియేటివ్ ఎర్రేలు, అంటే పేర్లతో విలువలు దాచుకునే జాబితాలు, 4.0లో వచ్చాయి కాబట్టి అక్కడ డిక్లేర్ హైఫన్ పెద్ద ఏ పని చేయదు.

సుడో ఒకటి. సుడోతో నడిపితే యూజర్ రూట్ అయిపోతాడు, అసలు మనిషి ఎవరో సుడో యూజర్ అనే వేరియబుల్‌లో ఉంటుంది. హోమ్ ఎక్కడికి చూపిస్తుందన్నది మాత్రం ఉబుంటూలో 19.10 ముందు ఒక రకం, తర్వాత ఇంకో రకం, ఇంతకుముందు మీ హోమే ఉండేది, ఇప్పుడు రూట్ హోమ్ అవుతుంది. పాత ట్యుటోరియల్ చూసి రాసిన స్క్రిప్ట్ కాన్ఫిగ్ ఫైలుని స్లాష్ రూట్ కింద దాచి వస్తే, యూజర్ తన హోమ్‌లో ఎంత వెతికినా దొరకదు.

క్రాన్. చేత్తో నడిపితే నడుస్తుంది, క్రాన్‌లో పెడితే నడవదు, ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. క్రాన్ మీ షెల్ సెట్టింగుల ఫైలు బాష్‌ఆర్‌సీ చదవదు, పాత్ చాలా చిన్నది, మామూలుగా స్లాష్ యూఎస్ఆర్ స్లాష్ బిన్, స్లాష్ బిన్, అంతే, షెల్ ఎస్‌హెచ్. స్లాష్ యూఎస్ఆర్ స్లాష్ లోకల్‌లో మీరు వేసుకున్న నోడ్ దానికి కనపడదు. ఎదురుగా మనిషున్నాడా లేడా అన్నది తెలుసుకోడానికి టెస్ట్ హైఫన్ టీ 1, అవుట్‌పుట్ టెర్మినల్‌కి వెళ్తోందా అని అడుగుతుంది. కాదంటే రంగులు ఆపెయ్యండి, లేకపోతే లాగ్ ఫైలంతా చదరపు బ్రాకెట్ 31 ఎమ్ అని పిచ్చి రాతలుంటాయి. టెస్ట్ హైఫన్ టీ 0, అంటే ఇన్‌పుట్ టెర్మినల్ నుంచి వస్తోందా అన్నది, కాదంటే ఎస్ ఆర్ నో అని అడగకండి, జవాబిచ్చేవాడు లేడు, స్క్రిప్ట్ తెల్లార్లూ అలాగే కూర్చుంటుంది.

చివరిది లోకేల్, అంటే భాష, అక్షరాల సెట్టింగు, దీన్ని ఎవరూ పట్టించుకోరు, తెలుగువాళ్లం కాబట్టి మనకి ఇంకా ముఖ్యం. ఇదిగో బాష్‌లో ఒక వేరియబుల్‌లో తెలుగు అనే మాట పెట్టా. మీ లెక్కలో ఎన్నక్షరాలు? మూడు. డాలర్ బ్రేస్ హ్యాష్ పెట్టి పొడవు అడుగుతున్నా. 6. ఎందుకంటే యూనికోడ్‌లో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము, ఆరు కోడ్‌పాయింట్లు, అంటే ఒక్కో గుర్తుకి ఒక్కో నంబరు. ఇప్పుడు ఎల్‌సీ ఆల్ ఈక్వల్స్ సీ అని, అంటే ఏ భాషదీ కాని సాదా లోకేల్, పెట్టి అదే అడుగుతున్నా. 18. ఒక్కో కోడ్‌పాయింట్ యూటీఎఫ్8లో మూడు బైట్లు. మాట మారలేదు, షెల్ మారలేదు, ఎన్విరాన్‌మెంట్‌లో ఒక్క వేరియబుల్ మారింది. మీ టెర్మినల్‌లో 6 వచ్చిన స్క్రిప్ట్ క్రాన్‌లోనో ఖాళీ కంటెయినర్‌లోనో 18 చెప్పగలదు, దాని ఆధారంగా మొదటి పది అక్షరాలు కత్తిరించారనుకోండి, కోడ్‌పాయింట్ మధ్యలో తెగి చివర డైమండ్‌లో ప్రశ్నార్థకం గుర్తు కనపడుతుంది. అలాగని లోకేల్‌ని తెలుగులో పెడితే అన్నీ కుదురుతాయా అంటే, టీఈ అండర్‌స్కోర్ ఐఎన్ పెట్టినచోట డేట్ కమాండ్ వారం పేరు, నెల పేరు తెలుగులో ఇస్తుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, లాగ్‌లో జేఏఎన్ కోసం వెతికే మీ ఆక్ లైను మాత్రం ఖాళీగా తిరిగొస్తుంది. నా పద్ధతి ఏంటంటే, మిషన్ చదివే అవుట్‌పుట్ ఉన్న ఆ ఒక్క కమాండ్‌కి ముందు ఎల్‌సీ ఆల్ ఈక్వల్స్ సీ తగిలిస్తా, మనిషి చదివేది యూజర్ లోకేల్‌లోనే వదిలేస్తా. మొత్తం స్క్రిప్ట్‌కి సీ పెట్టేయడం నాకు నచ్చదు, అది యూజర్ భాషని కాలరాయడమే.

ఫైల్ సిస్టమ్ కూడా భాషలో వేలు పెడుతుంది. హైదరాబాద్ అనే పేరుతో ఫైల్ చేయండి. ఐత్వానికి యూనికోడ్‌లో ఒకే కోడ్‌పాయింట్ ఉంది, కానీ దాన్నే ఎత్వం, ఇంకో చిన్న గుర్తు, రెండుగా విడగొట్టి కూడా రాయొచ్చు. మ్యాక్ పాత హెచ్ఎఫ్ఎస్ ప్లస్ ఫైల్ సిస్టమ్ ఫైల్ పేర్లని ఇలా విడగొట్టే దాచుకునేది. మీరు ఒకటిగా టైప్ చేస్తే ఎల్ఎస్ రెండుగా తిరిగిస్తుంది, కంటికి తేడా ఉండదు, స్క్రిప్ట్‌లో రెండు స్ట్రింగ్స్ పోలిస్తే సమానం కావు. 2017లో వచ్చిన ఏపీఎఫ్ఎస్ ఇచ్చింది ఇచ్చినట్టే దాచుకుంటుంది గానీ, పాత ఎక్స్‌టర్నల్ డిస్కులు ఇంకా హెచ్ఎఫ్ఎస్ ప్లస్‌తోనే తిరుగుతున్నాయి.

ప్రశ్నలు. అమ్మా, మీరు.

(సభ నుంచి: మేడమ్, బ్రౌజర్‌లో అయితే యూజర్ ఏజెంట్ స్ట్రింగ్, అంటే బ్రౌజర్ తన గురించి సైటుకి చెప్పుకునేది, చూస్తే సరిపోతుందా, డౌన్‌లోడ్ బటన్ దగ్గర ఓఎస్ చూపించాలి మాకు.)

డౌన్‌లోడ్ బటన్ వరకూ అయితే ఫర్వాలేదు, తప్పైనా కొంప మునగదు, పక్కనే మిగతా ఓఎస్‌ల లింకులు కూడా పెట్టండి. అంతకుమించి నమ్మొద్దు. 2019 నుంచి ఐప్యాడ్ తనని తాను మ్యాకింటాష్ అని చెప్పుకుంటోంది. విండోస్ 11 కూడా అందులో ఎన్‌టీ 10.0 అనే కనపడుతుంది. ఒపేరా 10 వచ్చినప్పుడు వాళ్లు యూజర్ ఏజెంట్‌లో 9.80 అని రాసుకోవాల్సొచ్చింది, ఎందుకంటే సైట్లు వెర్షన్‌లో మొదటి అంకె మాత్రమే చదివి ఒపేరా 1 అనుకుని బయటికి పంపేసేవి. మనలాంటి స్క్రిప్టుల వల్లే వాళ్లు అలా అబద్ధాలు చెప్పాల్సొస్తోంది. పేజీకి ఏదైనా ఫీచర్ కావాలంటే ఆ ఫీచర్ ఉందా అని జావాస్క్రిప్ట్‌లో అడగండి, సెడ్ దగ్గర చెప్పిందే ఇక్కడా.

ఆ చివర్న, నీలం చొక్కా.

(సభ నుంచి: అక్కా, ఎంత చేసినా తెలీని ఓఎస్ వస్తే ఏం చేయాలి? డీఫాల్ట్‌గా లైనక్స్ అనుకుని వెళ్లిపోవచ్చా?)

వద్దు నాన్నా. కేస్‌లో చివరి స్టార్ దగ్గర లైనక్స్ అనుకుంటే లైనక్సే కాని ఫ్రీబీఎస్‌డీ మీద డెబియన్ రకాల ఇన్‌స్టాల్ కమాండ్ ఆప్ట్ గెట్ కొడుతుంది మీ స్క్రిప్ట్. అక్కడ ఆగిపో, కానీ ఊరికే అన్‌సపోర్టెడ్ అని ఒక్క మాట పడేసి ఆగకు, నువ్వు చూసినవన్నీ ప్రింట్ చెయ్, యూనేమ్ ఎస్ ఇది, ఎమ్ ఇది, ఐడీ ఇది, లైక్ ఇది, లిబ్‌సీ ఇది అని, అప్పుడు ఆ యూజర్ పంపే బగ్ రిపోర్ట్‌లో నీకు కావాల్సింది ఉంటుంది. ఎర్రర్ కాబట్టి స్టాండర్డ్ ఎర్రర్‌లోకి పంపు, ఎగ్జిట్ కోడ్ సున్నా కాకుండా చూసుకో. ఇంకోటి, ఒక ఓవర్‌రైడ్ పెట్టు, మీ టూల్ పేరు అండర్‌స్కోర్ ఓఎస్ అని ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, అది ఉంటే డిటెక్షన్ మొత్తం వదిలేసి అందులో చెప్పినదాన్నే తీసుకోవాలి. ఏ మిషన్ మీద కూర్చున్నాడో నీ స్క్రిప్ట్ కంటే ఆ యూజర్‌కే బాగా తెలుసు కదా. ఆ వేరియబుల్ పేరుని కూడా అదే ఎర్రర్ మెసేజ్‌లో రాయి, డాక్యుమెంటేషన్‌లో పెడితే ఎవరూ చదవరు.